ముందు దీపాన్ని అడగాలి

బండి ఏదైనా సరే, దాని దగ్గరికి పోయే ముందు సిద్దప్ప చేసే పని ఒకటుంది. రెండు తీగలు తగిలించిన చిన్న బల్బు ఎప్పుడూ అతని చొక్కా జేబులో ఉంటుంది. దాన్ని తీసి, అంగడి గడప పక్కన పెట్టుకున్న పాత బ్యాటరీకి ఆనిస్తాడు. ఒక తీగ ఈ కొనకు, ఒక తీగ ఆ కొనకు. బల్బు వెలుగుతుంది. వెలిగిందని చూసుకుని, మళ్లీ జేబులో వేసుకుని, అప్పుడు లేస్తాడు.

తొందరలో ఉన్నవాళ్లకు అది విసుగు. పొద్దున వెలిగిన బల్బు మధ్యాహ్నానికి వెలగదా అంటారు. సిద్దప్ప తీగలు ఆనిస్తూనే ఉంటాడు. ఆదోనిలో గఫూర్ సాబ్ దగ్గర అతను మొదట నేర్చుకున్నది అదే. "ముందు దీపాన్ని అడుగు, ఆనిక బండిని అడుగు," అనేవాడు సాబ్. "నీ చేతిలో దీపం సచ్చి ఉంటే, బతికున్న బండి గూడా సచ్చినట్టే కనపడతాది బేటా."

సాబ్ పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట మాత్రం సిద్దప్ప చేతిలో ఉండిపోయింది.

అతనిది తుగ్గలి దగ్గర ఒక మెట్ట పల్లె. వాన పడితే వేరుశనగ, పడకపోతే వలస. చదువు అబ్బని కొడుకును తండ్రి ఆదోనికి తీసుకొచ్చి, పత్తి మిల్లులో పనిచేసే మేనమామ ఇంట్లో దింపి పోయాడు. మిల్లులో పత్తి దుమ్ముకు దగ్గు పట్టుకుంది. మేనమామే అతన్ని సాబ్ అంగట్లో కూర్చోబెట్టాడు. పెళ్లయ్యాక పార్వతమ్మ ఊరు ఎమ్మిగనూరుకు మారాడు. ఆమెది మగ్గాల ఇల్లు. ఆమె ఇప్పటికీ పొద్దునంతా కండెలు చుడుతుంది. సిద్దప్ప ఆదోని రోడ్డు మీద, ఊరు ఇంకా మొదలు కాని చోట, రేకుల అంగడి వేసుకున్నాడు.

కార్లు, బస్సులు బాగుచేసేవాళ్లు ఊళ్లో వేరే ఉన్నారు. సిద్దప్ప దగ్గరికి వచ్చేవి ట్రాక్టర్ల వెనక కట్టే ట్రాలీలు. పేడ మోసేదీ అవే, పత్తి మోసేదీ అవే, పెళ్లివాళ్లను, దసరాకు దేవరగట్టుకు పోయేవాళ్లను ఎక్కించుకునేదీ అవే. ఇంజనుకు నూనె పోస్తారు, చక్రానికి గాలి కొడతారు. ట్రాలీ వెనక ఉన్న రెండు ఎర్ర దీపాలను మాత్రం ఎవరూ తలుచుకోరు. వాటి తీగలను ఎలుకలు కొరుకుతాయి. జాతర ముందు బండికి రంగు వేసేవాళ్లు మరలకు కూడా రంగు పూస్తారు. రంగు కింద కరెంటు ఆగిపోతుంది.

"కరెంటు తీగలో పోతాది, ఇనుములో తిరిగొస్తాది," అని సిద్దప్ప రైతులకు చెప్తుంటాడు. "పోయే దారిని అందరూ సూస్తారు. తిరిగొచ్చే దారిని ఎవరూ సూడరు. జబ్బు ఆడనే ఉంటాది."

ఇంకొక మాట కూడా అంటాడు. రెండు దీపాలూ లేని ట్రాలీ కంటే ఒక్క దీపం ఉన్న ట్రాలీ ప్రమాదం. ఎడమ దీపం ఒక్కటే వెలిగితే వెనక వచ్చేవాడు దాన్ని మోటారు సైకిల్ అనుకుంటాడు. పక్కనుంచి దాటబోతాడు. అక్కడ రోడ్డు ఉండదు. ట్రాలీ మిగతా ఒళ్లంతా ఉంటుంది.

అందుకే పని అయ్యాక ట్రాలీ వెనక్కి పోయి నిలబడి, ఒక్కో దీపానికీ అరచెయ్యి నీడ పట్టి చూసేవాడు. రెండూ చూశాక, "ఎలిగినాయి, పో," అనేవాడు. ఆ మాటకు డ్రైవరు బండి కదిలించేవాడు. దిగి చూసేవాడు కాదు. సిద్దప్ప చూసిన దాన్ని మళ్లీ చూడటం ఆ రోడ్డు మీద ఎవరికీ తోచలేదు. అతను సంపాదించుకున్నదేమైనా ఉంటే అదే.

ఇప్పుడు పోతున్నదీ అదే.

పోయిన ఏడు ఎండాకాలంలో ఒకనాడు అంగట్లో రెండు తీగలు ఒకే రంగులో కనిపించాయి. ఆకుపచ్చ ఒకటి, నలుపు ఒకటి. ఎండకు కళ్లు అలిసిపోయాయి అనుకున్నాడు. తర్వాత నడుస్తుంటే పక్కనున్న మనుషులు ఉన్నట్టుండి ఎదురుగా వచ్చి నిలబడేవాళ్లు. అంతకుముందు ఎక్కడున్నారో తెలిసేది కాదు. సామాన్లకని చెప్పి ఒక్కడే ఆదోనికి పోయి కంటి డాక్టరుకు చూపించుకున్నాడు. నీటికాసులు అన్నాడు డాక్టరు. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి, రోజూ చుక్కలు వేసుకో అన్నాడు.

ఆ చుక్కల సీసా ఇంటికి పోలేదు. అంగట్లో పాత ఫ్యూజు పెట్టెల వెనక ఉంటుంది. పార్వతమ్మకు చెప్పలేదు. చెబితే ఆమె తన అన్నతమ్ములకు చెబుతుంది. వాళ్లు ఊరికి చెబుతారు. ఆ తర్వాత అతను "ఎలిగినాయి, పో," అంటే ఎవరు పోతారు?

చూపు తగ్గేకొద్దీ వేలు నేర్చుకుంది. వెలిగిన దీపం మీది ఎర్ర అద్దం కొద్దిసేపటికి వెచ్చబడుతుంది. వెనక్కి పోయి నిలబడి, నీడ పట్టినట్టే చెయ్యి పెట్టి, వేలి కొనతో అద్దాన్ని తాకేవాడు. వెచ్చగా ఉంటే వెలిగినట్టు. ఎన్నో ట్రాలీలను అలా పంపాడు. ఒక్కటీ తప్పు పోలేదు. ఈ మధ్య వస్తున్న కొత్త రకం దీపాలు ఎంతసేపు వెలిగినా చల్లగా ఉంటాయి. అవి తనకు నచ్చవనేవాడు. ఎందుకో ఎవరూ అడగలేదు.

పొద్దున బ్యాటరీకి ఆనించినప్పుడు చేతిలో బల్బు కూడా ఒక పసుపు మరకలా కనిపించేది. బ్యాటరీ పాతదైంది అనుకునేవాడు. కొత్త బ్యాటరీ తెచ్చాడు. మరక మారలేదు. ఆ తర్వాత దాని గురించి ఆలోచించడం మానేశాడు.

చలికాలం సగం గడిచింది. పల్లెల్లో పత్తి తీత అయిపోయింది. మెట్ట ఊళ్ల జనం సుగ్గికి పోతున్నారు. నది అవతల మిరప కోతలకు పోయి, ఎండలు ముదిరేదాకా అక్కడే గుడిసెలు వేసుకుని ఉండి వస్తారు. ఆ కొన్నాళ్లూ ఆదోని రోడ్డు మీద ట్రాలీలే ఇళ్లు. పైన వంచిన వెదురు బద్దలు, వాటి మీద టార్పాలిన్, లోపల బియ్యం, పొయ్యి, పరుపు చుట్టలు, కోళ్ల గంప, పిల్లలు.

అలాంటి ట్రాలీ ఒకటి ఆ మధ్యాహ్నం అంగడి ముందు ఆగింది. నడిపేవాడు ప్రేమ్ కుమార్. ట్రాక్టరు అతనిదే. లోపలున్న కూలీల గుంపుకు పెద్ద హనుమంతమ్మ. హొళగుంద వైపు మనిషి. ఏ ఊరికి పోవాలో, ఏ రైతు దగ్గర దిగాలో మాట్లాడేది ఆమే.

"అన్నా, ఎనక దీపాలు రెండూ పోయినాయి," అన్నాడు ప్రేమ్ కుమార్. "పొద్దు మునిగేలోపల నాగలదిన్నె వంతెన కాడికన్నా పోవాల."

సిద్దప్ప జేబులోంచి బల్బు తీశాడు. బ్యాటరీకి ఆనించాడు.

హనుమంతమ్మ ట్రాలీ దిగి నడుం పట్టుకుని నిలబడింది. "ఏమప్పా, మా బండికి జబ్బయితే నీ బ్యాటరీకి నాడి పడతావేం?" అంది.

ట్రాలీలోంచి ఆడవాళ్లు నవ్వారు.

"నా నాడి బాగుంటేనే గదమ్మా నీ నాడి తెలిసేది," అన్నాడు సిద్దప్ప.

పసుపు మరక కనిపించింది. బల్బును జేబులో వేసుకుని లేచాడు.

ట్రాక్టరు నుంచి ట్రాలీకి కరెంటు ఒక ప్లగ్గు గుండా పోతుంది. రెండు బండ్లనూ కలిపే కొక్కెం పక్కనే ఆ ప్లగ్గు. సిద్దప్ప వంగి దాన్ని ఊడదీశాడు. లోపలి ఇత్తడి ముళ్లు గరుకుగా తగిలాయి. చిలుము పట్టిందని వేలికి తెలిసింది. గరుకు కాగితంతో రుద్దాడు. ముళ్లు నున్నబడ్డాయి. ప్లగ్గు మళ్లీ బిగించాడు. కంటి చూపు బాగున్న రోజుల్లో అయితే ముళ్ల వెనక తీగలను కూడా లాగి చూసేవాడు. ఒక తీగ పైతొడుగు ఉబ్బి ఉండటం అతనికి కనపడేది.

"దీపాలెయ్యి," అన్నాడు.

ప్రేమ్ కుమార్ మీట నొక్కాడు. సిద్దప్ప ట్రాలీ వెనక్కి పోయాడు. ట్రాక్టరు ముఖం ఊరి వైపుంది. ట్రాలీ వెనుక భాగం ఆదోని వైపు, వాలుతున్న పొద్దు వైపు ఉంది. ఎడమ దీపం ఎర్రగా కనిపించింది. కుడి దీపం ఎర్రగా కనిపించింది. చెయ్యి అడ్డం పెట్టి వేలితో తాకాడు. ఎడమది వెచ్చగా ఉంది. కుడిది వెచ్చగా ఉంది.

"ఎలిగినాయి, పో," అన్నాడు.

హనుమంతమ్మ ట్రాలీ ఎక్కి వెనక పలక మీద కూర్చుంది. "వచ్చేటప్పుడు నీకు మిరపకాయలు తెస్తాంలే," అంది. బండి కదిలింది.

సిద్దప్ప అంగట్లోకి వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా పంక్చర్లు వేసే ఈరేష్ టీ పంపించాడు. తాగాడు. గ్లాసు పక్కన పెట్టబోయి చెయ్యి ఆపాడు.

గోడకు కొట్టిన పలక మీద పాత సామాన్ల మధ్య ఒక దీపం ఎర్రగా వెలుగుతోంది.

అక్కడ దీపం లేదు. పోయిన నెలలో ఏదో బండి నుంచి ఊడదీసిన పగిలిన అద్దం ఉంది. వెనక బల్బు లేదు, తీగ లేదు. వాకిట్లోంచి వంగి వచ్చిన పొద్దు దాని మీద పడుతోంది. సిద్దప్ప లేచి దగ్గరికి పోయాడు. వేలితో తాకాడు.

వెచ్చగా ఉంది.

అలాగే నిలబడిపోయాడు. పొద్దు ఇంకొంచెం కిందికి దిగింది. పలక మీదినుంచి వెలుగు తప్పుకుంది. అద్దం నల్లబడింది.

ట్రాలీ వెనక తను చూసింది ఏమిటి? దీపాలా, పొద్దా? రెండూ వెలిగి ఉండొచ్చు. ఒక్కటీ వెలగక పోయి ఉండొచ్చు. ఒక్కటే వెలిగి ఉండొచ్చు. ఆ మూడో మాట దగ్గర అతని మనసు ఆగింది.

ఏమీ చేయకుండా కూర్చోవచ్చు. ఇన్నాళ్లూ తప్పు పోలేదు, ఇదీ పోదు అనుకోవచ్చు. వెంటబడి పోయి ఆపితే ఎందుకు ఆపావని అడుగుతారు. అడిగితే చెప్పాలి. ఒక్కరికి చెబితే అందరికీ చెప్పినట్టే. పార్వతమ్మ ముఖం గుర్తొచ్చింది. వెనక పలక మీద, కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న హనుమంతమ్మ గుర్తొచ్చింది.

సిద్దప్ప పనిసంచి భుజాన వేసుకుని రోడ్డు దాటాడు. అటూ ఇటూ చూడలేదు. చూసినా అతనికి పక్కలు కనపడవు. ఒక ఆటోవాడు బ్రేకు కొట్టి తిట్టాడు.

"ఈరేషూ, బండి తియ్యి. ఇందాకటి ట్రాలీని పట్టుకోవాల."

"ఏం మర్సిపోయినారన్నా?"

"నేనే మర్సిపోయినా. తియ్యి."

మోటారు సైకిల్ ఎమ్మిగనూరు సందడిలోంచి బయటపడేసరికి పొద్దు మునిగింది. నందవరం దాటాక రోడ్డు రెండు వైపులా చేలు మసకబారాయి. చల్లగాలి ముఖానికి కొడుతోంది. సిద్దప్ప ఈరేష్ భుజం పట్టుకుని కూర్చున్నాడు. ముందు ఏముందో అతనికి తెలియడం లేదు. మసకలో అతనికి రోడ్డు లేదు, చేను లేదు, గాలి ఒక్కటే ఉంది.

"ఏమన్నా కనపడతాందా?" అని అడిగాడు.

"ఏం లేదన్నా. ముందర ఎవడో మోటారు సైకిల్ మీద పోతాండాడు. నిదానంగా పోతాండాడు, ముసలోడేమో." ఈరేష్ వేగం పెంచాడు. "దాటేస్తా ఉండు."

సిద్దప్ప చెయ్యి ఈరేష్ భుజం మీద బిగుసుకుంది.

"ఒకటే దీపమా?"

"ఆ. ఒకటే."

"ఈరేషూ, ఆపు. అది మోటారు సైకిల్ కాదు."

ఈరేష్ బ్రేకు నొక్కాడు. బండి పక్కకు జారి మట్టిలో నిలబడింది. ముందు, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ట్రాలీ కుడి అంచు ఇనుప పలక చీకట్లోంచి నల్లగా బయటికి వచ్చి, అలాగే ముందుకు పోయింది. దాని మీద ఎవరో పిల్లవాడు నిద్రపోతున్నట్టు తల వాల్చి కూర్చున్నాడు.

ఈరేష్ కాలు కింద ఆనించాడు. తర్వాత అన్నాడు: "అన్నా, నేను దాని కిందికి పోతాంటి."

"పోనీ. ఎనకాలే పోనీ. హారన్ కొట్టు."

ట్రాలీ వంతెన మొదట్లో దానంతట అదే ఆగింది. నది దాటే ముందు ఆగడం వాళ్ల ఆనవాయితీ. హనుమంతమ్మ పసుపు రాసిన కొబ్బరికాయ పట్టుకుని దిగింది. ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య దూరి, రెంటినీ కలిపే కొక్కెం ముందు నిలబడింది. కాయ ఎత్తింది. "కొక్కెం మీద కాయ కొడతాందన్నా," అన్నాడు ఈరేష్.

"ఆడ కొట్టొద్దమ్మా," అన్నాడు సిద్దప్ప, ఈరేష్ చెయ్యి పట్టుకుని నడుస్తూ.

ఆమె వెనక్కి తిరిగింది. "నువ్వా! ఇంత దూరం ఎందుకొస్తివి? మిరపకాయలు ఇప్పుడే కావాల్నా ఏంది?"

"ఎప్పుడూ ఆడనే కొడతారా?"

"మరి యాడ కొట్టేది? రెండు బండ్లు కలిసేది ఈడ. తెగితే ఈడనే గదా తెగేది. అమాసకు ఒకటి, నది కాడ ఒకటి. మా మామ కాలం నుంచి ఈడనే."

సిద్దప్ప తల ఊపాడు. ముళ్లకు చిలుము ఎలా పట్టిందో అప్పుడు అర్థమైంది. ప్రతి అమావాస్యకూ కొక్కెం మీద పగిలిన కాయ నీళ్లు పక్కనున్న ప్లగ్గులోకి దిగాయి. ఇత్తడిని తిన్నాయి, రాగిని తిన్నాయి. బండి తెగకూడదని పోసిన నీళ్లు బండి దీపాలను తెంపాయి. ఆ మాట పైకి అనలేదు.

ప్రేమ్ కుమార్ ట్రాక్టరు దిగి వచ్చాడు. "ఏమైందన్నా?"

"కుడి దీపం ఎలగలేదు."

"ఎలిగినాయి పో అంటివే."

"అవును, అంటి."

"నువ్వు సూసే గదా అన్నావు?"

సిద్దప్ప నేల వైపు చూశాడు. నేల అతనికి కనిపించలేదు. "నాకు కండ్లు సరిగా కనపడవు ప్రేమ్ కుమారూ. ఏడాదిపైన అయ్యింది. పొద్దు అద్దం మీద పడి మెరిస్తే దీపం అనుకున్నా."

వంతెన కింద నీళ్లు సన్నగా రాళ్ల మధ్య పోతున్న చప్పుడు వినిపించింది. ట్రాలీలో కోళ్లు కదిలాయి.

"దిగి సూసుకోకుండా వస్తినే," అన్నాడు ప్రేమ్ కుమార్ చివరికి. అతని గొంతులో కోపం తక్కువ, భయం ఎక్కువ. "ఇంతమంది జనం ఉండారు ఎనక. నువ్వు సెప్పినావని ఒకసారి గూడా దిగి సూడకపోతినే."

"నాదే తప్పు."

"నీది తప్పు కాదంటానా? నీదే. నాదీ ఉంది అంటాండా."

ఈరేష్ ఏదో అనబోయాడు. ట్రాలీ అంచు తన ముఖం ముందు నుంచి పోయిన సంగతి చెప్పబోయాడు. పిల్లలు వింటున్నారని ఊరుకున్నాడు.

హనుమంతమ్మ కాయను చంకలో పెట్టుకుంది. ముందు తేరుకున్నది ఆమే. "కండ్లు కనపడకుంటే నోరు కనపడలేదా ఇన్నాళ్లూ? సరే, ఇప్పుడు ఏం సేద్దాం? సేసేది సెప్పు. నాకు కనపడతాది."

"ఫోను లైటు పట్టుకో. నేను అడిగింది సెప్పు."

ఇద్దరూ కొక్కెం పక్కన కూర్చున్నారు. సిద్దప్ప ప్లగ్గు ఊడదీసి వెనక మూత విప్పాడు. లోపలి తీగలను ఒక్కొక్కటిగా వేళ్ల మధ్యకు తీసుకున్నాడు. ఒకటి మెత్తగా, ఉబ్బి ఉంది.

"ఇది ఏం రంగు?"

"పైన పసుపు."

"తొడుగు కోస్తా. లోపల ఏం రంగు?"

"పచ్చగా ఉంది. నాచు మాదిరి. ముట్టుకుంటే రాలతాంది."

అతను కొంత కోసి పారేశాడు. "ఇప్పుడు?"

"ఇంకా పచ్చే."

ఇంకొంత కోశాడు. "ఇప్పుడు?"

"నల్లగా ఉంది."

"ఎర్రగా మెరిసేదాకా సెప్తానే ఉండు. కొత్త బిందె మాదిరి ఉండాల."

మళ్లీ కోశాడు. మళ్లీ కోశాడు. హనుమంతమ్మ ఫోను దగ్గరగా పెట్టి, తల వంచి చూసింది. "ఆ, ఇప్పుడు మెరుస్తాంది."

"సరిగా సూడు."

"పత్తి కాయలో పురుగును సూసే కండ్లప్పా ఇవి. మెరుస్తాంది."

తెగిన మేర కొత్త తీగ కలిపాడు. మెలి తిప్పి, టేపు చుట్టి, ముల్లుకు బిగించాడు. ఆ పనికి అతనికి కళ్లు అక్కర్లేదు. వేళ్లు వాటంతట అవే పోయాయి. ప్లగ్గు మీద ప్లాస్టిక్ కవరు కప్పి దారంతో కట్టాడు. దీపాలు వేయమన్నాడు. హనుమంతమ్మ ట్రాలీ వెనక్కి పోయింది.

"రెండూ ఎలిగినాయి," అంది.

"ఒక్కోటి సెయ్యి అడ్డం పెట్టి సూడు."

"పొద్దు మునిగింది గదప్పా, ఇంకేం అడ్డం?"

"పెట్టమ్మా."

ఆమె కొంగు అడ్డం పట్టి ఎడమది చూసింది, కుడిది చూసింది. "ఎలిగింది. ఇదీ ఎలిగింది."

సిద్దప్ప అక్కడే నిలబడ్డాడు. 'పో' అనాలి. ఆ మాట నోట్లో ఉంది. ప్రేమ్ కుమార్ అతని ముఖం చూశాడు. తర్వాత తనే నడిచి వెనక్కి పోయి, వంగి, రెండు దీపాలూ చూసి వచ్చాడు.

"ఎలిగినాయన్నా," అన్నాడు. "పోతాం."

హనుమంతమ్మ కాయను ఈసారి వంతెన మొదటి రాయి మీద కొట్టింది. ఒక చిప్ప సిద్దప్ప చేతిలో పెట్టింది. "కోపం లేదులే. ఇంటికి పో. ఇంటామెకు సెప్పు," అంది. ట్రాలీ వంతెన మీదికి పోయింది. ఈరేష్ చాలాసేపు దాని వెనక చూస్తూ నిలబడ్డాడు.

"రెండు దీపాలు, అన్నా," అన్నాడు. "దూరానికి గూడా రెండు."

ఇంటి దగ్గర పార్వతమ్మ మగ్గం గది ఊడుస్తోంది. సిద్దప్ప గడప మీద కూర్చుని చెప్పాడు. ఆదోని డాక్టరు చెప్పింది, ఫ్యూజు పెట్టెల వెనక సీసా, పగిలిన అద్దం, వంతెన. ఆమె చీపురు పట్టుకునే విన్నది. అయిపోయాక చీపురు గోడకు ఆనించింది.

"కూరలో ఉప్పెక్కువైతే వీధి వీధంతా ఇనపడేట్టు సెప్తావు," అంది. "కండ్లు పోతాంటే సెప్పవా?"

సిద్దప్ప చేతిలోని కొబ్బరి చిప్పను గడప మీద పెట్టాడు.

"నేను ఎవరికి సెప్తాననుకుంటివి? మా అన్నోళ్లకా?"

"ఊ."

"సెప్పేదాన్నే." ఆమె అతని పక్కన కూర్చుంది. "సెప్పకుండా ఉంటానా. వాళ్లేం సేస్తుండ్రి? నాలుగు దినాలు అయ్యో అంటారు, ఐదో దినం మర్సిపోతారు. నువ్వు ఒక్కడివే ఏడాది పొడుగునా అయ్యో అనుకుంటా కూసుంటివి."

కొబ్బరి చిప్ప ఇద్దరి మధ్యా ఉంది. కాసేపటికి ఆమె దాన్ని తీసుకుని లోపలికి పోయి పచ్చడి నూరింది. ఏడుస్తోందో లేదో అతనికి తెలియలేదు. రోలు చప్పుడు మాత్రం మధ్య మధ్య ఆగి మళ్లీ వచ్చింది.

మరుసటి పొద్దున పార్వతమ్మ కండెల గంప ముట్టుకోలేదు. అతనితో పాటు అంగడికి నడిచింది. సిద్దప్ప తలుపులు తీసి, ఫ్యూజు పెట్టెల వెనకనుంచి సీసా తెచ్చి, అగ్గిపెట్టె పక్కన, అందరికీ కనపడేచోట పెట్టాడు. పలక మీది ఎర్ర అద్దాన్ని బోర్లించాడు.

మొదటి బండి కృష్ణగిరి నుంచి వచ్చిన ఖాళీ ట్రాలీ. డ్రైవరు మద్దయ్య పాత గిరాకీ. దీపాలు మినుకుమినుకుమంటున్నాయన్నాడు.

సిద్దప్ప జేబులోంచి బల్బు తీశాడు. ఒక తీగ ఈ కొనకు, ఒక తీగ ఆ కొనకు ఆనించాడు. బల్బు వైపు చూడలేదు. పార్వతమ్మ వైపు తిరిగాడు.

ఆమె దారం పోగు చూసినట్టు వంగి చూసింది. "ఎలిగింది," అంది.

అతను లేచాడు. ట్రాలీ కింద దూరి, కరెంటు ఇనుములోంచి తిరిగొచ్చే ఎర్తు మర విప్పి, రంగు గీకి, మళ్లీ బిగించాడు. బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. మద్దయ్య సీటు మీదే ఉన్నాడు. చెయ్యి గేరు మీద ఉంది. మాట కోసం చూస్తున్నాడు.

"దిగు మద్దయ్యా," అన్నాడు సిద్దప్ప. "ఎనక్కి పోయి నువ్వు సూసుకో. సెయ్యి అడ్డం పెట్టి సూడు."

మద్దయ్య అతని ముఖం చూశాడు, పార్వతమ్మ ముఖం చూశాడు. ఏమీ అడగకుండా దిగి వెనక్కి నడిచాడు.